హనీనట్ గుమ్మడి: పొలంలో ఎంత, పళ్లెంలో ఎంత

ముందే తీర్పు చెప్పేస్తాం. హనీనట్ మంచి గుమ్మడి. తీపి ఉంది, గుజ్జులో చిక్కదనం ఉంది, కాయ అరచేతిలో పడుతుంది, తొక్క తీసే పని లేదు. ఎక్కడో కొన్న ఒక్క కాయ చప్పగా తగిలిందని ఈ రకాన్నే కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. వాళ్ల నాలుక అబద్ధం చెప్పలేదు, రకమూ మోసం చేయలేదు. గింజ ఇచ్చేది రుచికి అవకాశం. కాయను ఎప్పుడు కోశారు, ఎలా ఆరబెట్టారు, ఎక్కడ దాచారు, ఎన్నో వారంలో వండారు అన్నవాటి మీద ఆ అవకాశం నిలబడుతుంది, లేదా చేజారుతుంది. అందుకే ఈ సమీక్షలో కాయతో పాటు, కాయ చేతులు మారే చోట్లనూ చూస్తాం. అదే దారిలో వచ్చిన హబనాడ మిరప, బ్యాడ్జర్ ఫ్లేమ్ బీట్‌రూట్ సంగతి తర్వాత, క్లుప్తంగా.

ఇది పుట్టింది అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో. పొకాంటికో హిల్స్ దగ్గర బ్లూ హిల్ ఎట్ స్టోన్ బార్న్స్ అనే రెస్టారెంట్ 2004లో తెరుచుకుంది. చుట్టూ పొలమే. దాని చెఫ్ డాన్ బార్బర్ 2009లో తన వంటగదికి వచ్చిన మైకేల్ మజూరెక్‌ను, సొరకాయ ఆకారపు బటర్‌నట్ గుమ్మడిని చిన్నది చేసి రుచి పెంచగలవా అని అడిగాడు. మజూరెక్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో కూరగాయల కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త. రుచి కోసం రకం కావాలని అంతవరకూ తనను అడిగినవాళ్లే లేరని ఆయన చెప్పిన సంగతి ఆ తర్వాత చాలాచోట్ల అచ్చయింది. అడగకపోవడానికి కారణం తెలిసిందే. ఏ రకం కావాలో విత్తన సంస్థలకు చెప్పేది టోకు వర్తకుడు, సూపర్‌మార్కెట్, వాళ్లకు సరుకు పంపే పెద్ద రైతు. వాళ్లు అడిగేవి ఎకరానికి దిగుబడి, అన్నీ ఒకే సైజు, లారీలో దెబ్బ తినని తొక్క, నెలల తరబడి నిల్వ. కొత్త విత్తన రకాలకు ఇచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతిని 1970లో గెలిచిన వాల్తామ్ బటర్‌నట్‌కు ఇంతకాలం ఆదరణ ఉండటానికి ఈ గుణాలే పునాది. తినేవాడి నాలుక ఆ బేరంలో ఎక్కడా కూర్చోలేదు.

కార్నెల్‌లో బటర్‌నట్‌ను బటర్‌కప్ గుమ్మడితో సంకరం చేసిన పనిలోంచి హనీనట్ వచ్చింది. 2018లో బార్బర్, మజూరెక్, విత్తన వ్యాపారం తెలిసిన మాథ్యూ గోల్డ్‌ఫార్బ్ కలిసి రో సెవెన్ సీడ్ కంపెనీ మొదలుపెట్టారు. వాళ్ల తొలి ఏడు రకాల్లో ఉన్న 898 గుమ్మడి హనీనట్ బాటలోనే ఇంకొంత ముందుకు వెళ్లినది.

హనీనట్ అసలు గొప్పతనం తీపిలో కన్నా రంగులో ఉందని మా అభిప్రాయం. మామూలు బటర్‌నట్ లోపల ఇంకా పండకముందే బయట గోధుమ రంగుకు తిరుగుతుంది. చూసినవాడికి పండినట్టే ఉంటుంది, లారీ సిద్ధంగా ఉంటే కోసేస్తారు. హనీనట్ కాయ ముదురాకు పచ్చగా పెరిగి, తీగ మీద పండుతూ నారింజ కలిసిన తేనె రంగుకు వస్తుంది. తొడిమ దగ్గర, గాడుల్లో పచ్చ చారలు మిగిలి ఉంటే ఇంకా ఆగాలి. కోతకు వచ్చిన కూలీ అయినా, సరుకు దింపుకునే వంటగది కుర్రాడైనా, ఏ పరికరమూ లేకుండా కాయను చూసి చెప్పగలిగే గుర్తు ఇది. పచ్చ చారలున్న పెట్టెను తిప్పి పంపే హక్కు వంటగదికి, తొందరగా కోయమనే ఒత్తిడికి లొంగకుండా ఉండే ఆధారం రైతుకు, రెండూ ఈ రంగే ఇచ్చింది.

ఇక పొలం. ఈ గుమ్మడి గింజ పెట్టిన నాటి నుంచి దాదాపు 100 నుంచి 110 రోజులు తీసుకుంటుంది. న్యూయార్క్ లాంటి చల్లని ప్రాంతంలో సెప్టెంబరు చివర మంచు భయం ఉంటుంది కాబట్టి మే నెల మధ్యలో ట్రేలలో నారు పోసి, మూడు వారాల్లోపు, రెండు మూడు ఆకుల దశలో నాటడం క్షేమం. అంతకన్నా ముదిరిన నారు వేరు కదిలితే కోలుకోదు. నేరుగా గింజ పెట్టేవాళ్లు నేల వేడి 65 డిగ్రీల ఫారన్‌హీట్ (18 సెల్సియస్) దాటాక, అంగుళం లోతున పెట్టాలి. తడిగా, చల్లగా ఉన్న నేలలో గింజ మొలవకుండానే కుళ్లుతుంది. మొక్కకూ మొక్కకూ 2 అడుగులు, సాలుకూ సాలుకూ 6 అడుగులు. ఇంతకన్నా దగ్గరగా పెడితే ఆకులు ఒకదాని మీద ఒకటి పడి గాలి ఆడదు, బూడిద తెగులుకు మనమే పందిరి వేసినట్టు.

చీడపీడల లెక్కలో ఈ జాతికి మంచి మార్కులే వేస్తాం. బటర్‌నట్ వర్గం కాండం గట్టిగా, నిండుగా ఉంటుంది కాబట్టి కబోచా, బటర్‌కప్ రకాలను నేలకూల్చే కాండం తొలుచు పురుగు దీన్ని పెద్దగా బాధించదు. చారల పెంకు పురుగులకూ ఇది అంత ఇష్టమైన మేత కాదు. అయినా మొదటి మూడు నాలుగు వారాలు లేత మొక్కల మీద పలచని గుడ్డ కప్పడం మంచిది. ఆడపువ్వులు కనబడగానే ఆ గుడ్డ తీసెయ్యాలి. ఒక వారం మరిచిపోతే తొలి పిందెలన్నీ పసుపుబారి రాలిపోతాయి. ఆ తొలి పిందెలే కోత నాటికి నిండుగా పండేవి.

పరాగ సంపర్కం గురించి ఇంకో మాట. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఉత్తర అమెరికాలో గుమ్మడి పువ్వుల మీదే బతికే ఒక జాతి తేనెటీగ ఉంది. తేనెపట్టు పెట్టదు, గుమ్మడి చేలోనే నేలలో గూడు చేసుకుంటుంది. పంట అయ్యాక లోతుగా దుక్కి దున్నితే వచ్చే ఏటి ఈగల గూళ్లనే తిరగేసినట్టు. వంటగదికి మగపువ్వులు కావాలంటే పొద్దున ఈగలు వచ్చి వెళ్లాక కోయాలి, సాలులో సగం పువ్వులైనా వదిలెయ్యాలి. ఆడపువ్వుల కన్నా వారం ముందు విరిసే మగపువ్వులు మాత్రం నిశ్చింతగా కోసుకోవచ్చు. వాటితో ఫలదీకరణ జరిగేదేమీ ఉండదు.

బూడిద తెగులు దగ్గర అసలు రుచి కథ మొదలవుతుంది. కాయలోని పిండిపదార్థమంతా ఆకులు పంపేదే. ఆగస్టులో ఆకుల మీద తెల్ల బూడిద పరుచుకుని సెప్టెంబరు మొదట్లో తీగ ఎండితే, కాయ సైజు తగ్గదు, రంగు కూడా కొంత తిరుగుతుంది, కానీ లోపల చప్పన. దుకాణంలో తగిలే చప్పటి హనీనట్‌లలో చాలావాటి కథ ఇదే అయి ఉంటుంది. పిందె పట్టినప్పటి నుంచి వారానికోసారి 50 ముదురు ఆకులు తిప్పి అడుగు భాగం చూడాలి, తెగులు ముందు అక్కడే దిగుతుంది. ఒక్క మచ్చ కనబడినా గంధకం పిచికారీ మొదలుపెట్టాలి. గంధకం తెగులు రాకముందు ఆపుతుందే గానీ, ముదిరాక నయం చేయదు. ఎండ 90 డిగ్రీల ఫారన్‌హీట్ (32 సెల్సియస్) దాటిన రోజు చల్లితే ఆకులు మాడతాయి.

కోత ఎప్పుడు? న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు గుమ్మడి జాతుల మీద పనిచేసిన బ్రెంట్ లాయ్ చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది: పిందె పట్టాక 50 నుంచి 55 రోజులు కాయ తీగ మీదే ఉండాలి. అంతకు ముందే కోస్తే లోపలి గింజలు తాము నిండటానికి గుజ్జులోని సత్తువను లాక్కుంటాయి. పెట్టెలో ఉన్న కాయ తనను తానే తినేస్తుందన్నమాట. సెప్టెంబరు చివర కోత అనుకుంటే, ఆగస్టు మొదటి వారం దాటాక పట్టిన పిందెలు ఆ గడువు అందుకోలేవు. వాటిని తుంచెయ్యాలి. తుంచినవి పారేసేవి కావు, జానెడు లోపు లేత పిందెలు వేసవి గుమ్మడిలా వండుకోవచ్చు. వాటిని కొనే వంటగది ఉంటేనే రైతు తుంచుతాడు, లేకపోతే ‘ఏమో, పండుతాయేమో’ అని వదిలేస్తాడు. మంచి కాయల తీపి ఆ పిందెల పాలవుతుంది.

కోసేటప్పుడు కాడ అంగుళం నుంచి రెండంగుళాలు ఉంచి కత్తిరించాలి. కాడ పట్టుకుని మోయకూడదు. అది ఊడిన చోట నుంచే కుళ్లు లోపలికి దిగుతుంది. ఆ తర్వాత 80 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ (27 నుంచి 29 సెల్సియస్) వేడిలో, గాలి ఆడే చోట పది రోజులు ఉంచితే గీతలు, గాట్లు మానతాయి. ఆపైన ఇంకో రెండు మూడు వారాలు ఆగితే పిండిపదార్థం చక్కెరగా మారి తీపి పైకి వస్తుంది. కోసిన మర్నాడే వండి ‘ఇంతేనా’ అనుకోవడం దీనికి అన్యాయం.

నిల్వలో మాత్రం హనీనట్ బలహీనం, ఇది దాచకుండా చెప్పాల్సిన లోపం. తొక్క పలచన కాబట్టి తేమ త్వరగా పోతుంది. మామూలు బటర్‌నట్ సరైన చోట నాలుగైదు నెలలు ఉంటే, ఇది మూడు నెలలకు ముడతలు పడుతుంది. డిసెంబరు చివరికి ముగించేయాలి. ముడత పడ్డ కాయ పాడైనట్టు కాదు, గుజ్జు ఇంకా బాగుంటుంది, తొక్క మాత్రం తోలులా సాగుతుంది, గరిటెతో తోడుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నెలలకు గుమ్మడి కావాలనుకునే వంటగది ఆ భాగానికి వేరే రకం వేయించుకోవాలి. హనీనట్‌ను లాగి లాగి వాడితే నష్టమే.

ఇంతకన్నా పెద్ద నష్టం వంటగదిలో జరుగుతుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సరుకు రాగానే కూరగాయలన్నిటితో పాటు గుమ్మడి పెట్టెలనూ నడిచి వెళ్లే కోల్డ్ రూములో పెట్టేస్తారు. అక్కడ 38 డిగ్రీల ఫారన్‌హీట్ (3 సెల్సియస్) ఉంటుంది. గుమ్మడికి 50 డిగ్రీల (10 సెల్సియస్) కింద చలి దెబ్బ తగులుతుంది. వారం పది రోజులకు తొక్క మీద గుంటలు, తర్వాత నీరుకారే మచ్చలు, ఆపైన బూజు. నింద రైతు మీద పడుతుంది. కావలసింది 50 నుంచి 55 డిగ్రీల (10 నుంచి 13 సెల్సియస్) పొడి గది. పొడి సరుకుల గదిలో చల్లని మూల, పాత వైన్ గది, ఏదైనా సరే. ఆపిల్ పెట్టెల పక్కన వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు గుమ్మడి ఆయుష్షు తగ్గిస్తుంది. అటువంటి చోటు లేని వంటగది, పంటంతా రైతు దగ్గరే ఉంచి వారానికోసారి తెప్పించుకోవాలి, దాచినందుకు రైతుకు వేరుగా డబ్బు ఇవ్వాలి.

రుచిని మాటల్లో తేల్చుకోబోతే గొడవే. రసంలో తీపిని కొలిచే చిన్న పరికరం, రిఫ్రాక్టోమీటర్, ఒకటి రైతు దగ్గరా చెఫ్ దగ్గరా ఉంటే సరిపోతుంది. సాలులో వేర్వేరు చోట్ల నుంచి ఐదు కాయలు తీసి, ఒక్కోదాని మధ్యభాగం నుంచి చిన్న ముక్క కోసి, గడ్డకట్టించి, కరిగాక వెల్లుల్లి నొక్కే పనిముట్టులో పిండితే రసం చుక్క వస్తుంది. పచ్చి ముక్కను ఎంత నొక్కినా రాదు. ముందు స్వేదనజలంతో సున్నా సరిచూసుకోవాలి. బటర్‌నట్ వర్గానికి బ్రిక్స్ (ఆ పరికరం చూపే తీపి అంకె) 11 కన్నా తగ్గితే తినడానికి సరిపోదన్నది లాయ్ తరహా కొలమానం. హనీనట్‌ను అంతకన్నా గట్టి గీతతో కొలవాలి, 13 దగ్గర నిలబెట్టమంటాం. ఒక్క అంకెతోనే అన్నీ తేలవు, గుజ్జు చిక్కదనం పిండిపదార్థం నుంచి వస్తుంది. తీపి ఉండి నీళ్లగా ఉన్న కాయలూ ఉంటాయి. అందుకే నోటి పరీక్షా కావాలి. విస్కాన్సిన్‌లోని సీడ్ టు కిచెన్ కొలాబరేటివ్, ఓరెగన్‌లో లేన్ సెల్మన్ మొదలుపెట్టిన కలినరీ బ్రీడింగ్ నెట్‌వర్క్ చేసేది ఇదే, శాస్త్రవేత్తలనూ రైతులనూ చెఫ్‌లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం. ఇంట్లోనో వంటగదిలోనో చేసుకునేవాళ్లకు నియమాలు కొన్నే: రకాల పేర్లు దాచి అంకెలు పెట్టండి, అన్నీ ఒకే రోజు కోసినవి, ఒకే రోజులు దాచినవి అయి ఉండాలి, ఉప్పు, వెన్న లేకుండా ఒకే వేడిలో కాల్చండి. సాస్ పోశాక పోల్చితే తేలేది సాస్ రుచే.

వండటం చాలా తేలిక. నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, కోసిన వైపు కొద్దిగా నూనె రాసి, ఆ వైపే కిందికి బోర్లించి 400 డిగ్రీల ఫారన్‌హీట్ (205 సెల్సియస్) ఓవెన్‌లో 35 నుంచి 45 నిమిషాలు. చివరి పది నిమిషాలు వెల్లకిలా తిప్పితే పైన తేమ ఎగిరి అంచులు ముదురు రంగుకు వస్తాయి. ఉడకబెట్టొద్దు. ఈ కాయలో తక్కువ చేయడానికి ఏళ్లు పట్టిన నీటిని అరగంటలో మళ్లీ ఎక్కించినట్టు అవుతుంది. గుజ్జు కావాలన్నా ముందు కాల్చి, వెడల్పు మూకుడులో నీరు ఇగిరే వరకు కలిపి, ఆ తర్వాతే రుబ్బాలి. చక్కెర, తేనె కలపాల్సి వస్తే కాయ సరైనది కాదని అర్థం. ఒక చెక్క ఒక మనిషికి సరిపోతుంది, తొక్కతో సహా తింటారు, కత్తిరించి పారేసేది కాడ, గింజల చుట్టూ ఉన్న పీచు మాత్రమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది, అందులో 28 శాతం రెస్టారెంట్లు, క్యాంటీన్ల వంటివాటి నుంచే. తరుగు తక్కువయ్యేలా కాయ ఆకారాన్నే మార్చడం ఆ లెక్కకు విత్తనం దగ్గరే ఇచ్చిన జవాబు.

గింజలు దాచుకోవాలనుకునేవాళ్లకు హెచ్చరిక. హనీనట్ సంకరంలోంచి పుట్టినా గుణాలు స్థిరపడిన రకం, ఏటా కొనాల్సిన సంకర విత్తనం కాదు, దాచుకోవచ్చు. కానీ అర మైలు లోపల అదే జాతి బటర్‌నట్ ఏదైనా ఉంటే ఈగలు పుప్పొడి కలిపేస్తాయి, వచ్చే ఏడు సొరకాయంత బటర్‌నట్‌లూ పచ్చటి కాయలూ కలగలిసి వస్తాయి. వంటగదిలో మిగిలిన గింజలు వేయించుకోవడానికే.

హబనాడ మిరప గురించి. మజూరెక్ తయారుచేసిన ఈ రకంలో, బాగా కారంగా ఉండే హబనేరో మిరప సువాసన అంతా ఉంటుంది, కారం ఉండదు. పండ్ల వాసన, పూల వాసన కలిసినట్టుండే ఆ గుణాన్ని హబనేరోలో కారం కప్పేస్తుంది. ఇక్కడ అది విప్పారుతుంది. పచ్చిగా సన్నగా తరిగి చల్లినా, వెచ్చని నూనెలో నానబెట్టినా అద్భుతం, గంటసేపు ఉడికిస్తే వాసన ఆవిరైపోయి మామూలు తీపి మిరప మిగులుతుంది. మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ట్రే కింద వేడి లేకపోతే ఇంకా ఎక్కువ. కాయ పూర్తిగా నారింజ రంగుకు రాకముందు కోస్తే గడ్డి రుచి. కారం మిరప పక్కన నాటినా ఈ ఏటి కాయకు కారం రాదు, కాయ కండ తల్లి మొక్కదే కాబట్టి. ఆ కాయల గింజలు దాచి నాటితే మాత్రం కారం పైచేయి సాధిస్తుంది. కారం లేదని నమ్మి కొరికిన అతిథికి అది పెద్ద ప్రమాదం. అందుకని ఏటా కొత్త విత్తనమే కొనండి.

బ్యాడ్జర్ ఫ్లేమ్ విస్కాన్సిన్ మాడిసన్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ గోల్డ్‌మన్ తయారుచేసిన పొడవాటి నారింజ రంగు బీట్‌రూట్. బీట్‌రూట్ అంటే మట్టి వాసన అని మొహం తిప్పుకునేవాళ్లకు ఇది ఇచ్చి చూడాలి. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ, దుంప దాన్ని స్వయంగా తయారుచేసుకుంటుంది. కడిగితే పోదు, రకం మార్చాల్సిందే. ఈ రకంలో అది తక్కువ. పచ్చిగా పలచటి బిళ్లలుగా తరిగి తినడానికే ఉద్దేశించినది, పక్క కూరలకు ఎర్ర రంగు అంటించదు. పొడవు దుంప కాబట్టి గట్టి నేలలో వంకర పోతుంది. బీట్‌రూట్ గింజగా మనం పెట్టేది కొన్ని గింజల గుత్తి. మూడంగుళాలకు ఒక మొక్క ఉండేలా పలచన చేయకపోతే తోకలే మిగులుతాయి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఈ రకాల చుట్టూ జరిగే ప్రచారం రుచి దగ్గర మొదలై రుచి దగ్గరే ఆగిపోతుంది. గుమ్మడి వేసిన చేలో తిరిగి గుమ్మడి జాతి వేయడానికి కనీసం రెండు మూడేళ్లు ఆగాలి, లేకపోతే కాయ మీద నల్ల కుళ్లు, వేరు కుళ్లు కాపురం పెడతాయి. అంటే హనీనట్ పండే ప్రతి ఎకరానికీ వెనక రై, బక్‌వీట్ అనే ధాన్యాలు, బఠానీ, క్లోవర్ గడ్డి పండే ఎకరాలు ఉన్నాయి. నేలకు సత్తువ కట్టేవి అవే. వంటగది గుమ్మడి మాత్రమే కొని, ‘రైతుతో కలిసి పనిచేస్తున్నాం’ అని మెనూలో రాసుకుంటే, మిగతా ఏళ్ల పంటను రైతు పశువుల దాణా ధరకు అమ్ముకోవాలి. ఈ సంగతి పట్టించుకున్న చెఫ్‌లలో బార్బర్ ఒకరు. బియ్యం బదులు పంట మార్పిడిలో వచ్చే ధాన్యాలు, గింజలతో ఆయన రిసోట్టో (ఇటలీ వాళ్ల అన్నం వంటకం) పెట్టాడు. హనీనట్ కొనే ప్రతి వంటగదీ దానితో పాటు ఆ పొలంలోని రై పిండి, బక్‌వీట్ ఎంతో కొంత తీసుకోకపోతే ఈ ఒప్పందం ఒంటి కాలి మీద నిలబడినట్టే.

రై ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సాగు వివరం. శరదృతువులో వేసిన రైని పూత సమయంలో రోలర్‌తో నలిపి పడుకోబెట్టి, ఆ మందపాటి చాపలో గుమ్మడి నారు నాటే పద్ధతి ఉంది. కలుపు అణుగుతుంది, కాయలు మట్టికి తగలవు, వాన చినుకులతో కుళ్లు ఎగరదు, దుక్కి లేదు కాబట్టి ఈగల గూళ్లు మిగులుతాయి. పూతకు ముందే నలిపితే రై మళ్లీ లేచి నిలబడుతుంది. చాప కింద నేల చల్లగా ఉంటుంది, కుళ్లుతున్న గడ్డి నత్రజనిని పట్టేస్తుంది. ఫలితంగా తీగ వారం పది రోజులు వెనకబడుతుంది. 110 రోజుల పంటకు అది చిన్న మాట కాదు. నేరుగా గింజ పెట్టకుండా నారు నాటడం, నాటిన మూడు వారాలకు మొదళ్ల దగ్గర నత్రజని ఎరువు వేయడం తప్పనిసరి.

ఒప్పందం ఎలా ఉండాలి? ఒక చిన్న లెక్క. వారానికి 60 పళ్లేలు, పళ్లానికి ఒక చెక్క, అక్టోబరు నాలుగో వారం నుంచి పది వారాలు: 600 చెక్కలు, అంటే 300 మంచి కాయలు. ప్రతి ఐదింటిలో ఒకటి గీతలు పడటం, వంకర పోవడం ఉంటుంది కాబట్టి 375 కాయలు పండించాలి. తీగకు ఆరు పండిన కాయల చొప్పున 63 తీగలు. 2 అడుగులు, 6 అడుగుల దూరంతో 756 చదరపు అడుగులు, రెండు సెంట్లకు లోపే. వినడానికి కొంచెమే, కానీ ఆ నేలను, ఆ సీజన్‌ను రైతు ఈ వంటగది మాట మీద కట్టేస్తున్నాడు.

ధర తూకం మీద కడితే రైతు మునుగుతాడు. మామూలు బటర్‌నట్ ఒకటి కోసి, తుడిచి, పెట్టెలో పెట్టే శ్రమతో మూడు నాలుగు పౌండ్లు వస్తాయి. హనీనట్‌కు అదే శ్రమతో వచ్చేది ఒక పౌండు. కాయ లెక్కన ధర కట్టాలి, లేదా పెట్టె లెక్కన. గీతలు పడ్డ ఆ 75 కాయలు కూడా ఒప్పందంలో ఉండాలి, తక్కువ ధరకు, గుజ్జు కోసం. నాటే ముందే మూడో వంతు డబ్బు చేతిలో పెట్టాలి. ఆగస్టులో తుంచే పిందెలు, మగపువ్వులు ఎన్ని తీసుకుంటారో రాసుకోవాలి. మంచు ముందే పడి కాయలు పండకపోతే దానికి బదులు ఏం తీసుకుంటారో కూడా, డెలికాటా అనే ఇంకో గుమ్మడి రకమో, అదే రైతు పండించిన ఇంకేదైనానో. మెనూ మారిస్తే ఎన్ని వారాల ముందు చెప్పాలో అంకె వేయాలి, మూడు వారాలు కనీసం.

ఈ మాటలన్నీ జనవరిలో జరగాలి. విత్తనాల ఆర్డర్లు వెళ్లేది అప్పుడే, ఏ చేలో ఏం వేయాలో రైతు గీసుకునేదీ అప్పుడే. అక్టోబరులో మార్కెట్‌కు వెళ్లి, నిగనిగలాడే కాయలు చూసి, పది పెట్టెలు కావాలని అడిగే చెఫ్‌కు ఆ రోజు మిగిలిన కాయలు దొరుకుతాయి. వాటిలో తొడిమ దగ్గర పచ్చ చారలు ఉన్నవి ఎన్నో లెక్కపెట్టుకుని మరీ కొనండి.